హైదరాబాదు నుండి దుబాయికి దూరమెంత?

హైదరాబాదు నుండి దుబాయికి దూరమెంత యని జహనుమా వీథులలో ఏ పదేండ్ల బాలుని అడిగినను, తడవుకొనక “నాలుగు గంటలు” అని చెప్పును. మైళ్లు చెప్పడు, కిలోమీటర్లు చెప్పడు, గంటలే చెప్పును. వాని తండ్రియో, మేనమామయో, పొరుగింటి యన్నయో అచ్చట పనిలో నుండుటయే ఇందులకు కారణము. లెక్క ప్రకారము ఆ యుత్తరమున తప్పు లేదు. అయినను మన పేట బాలురకు ఇంతకంటె కీడు చేయు సరియైన యుత్తరము మఱియొకటి లేదని నా యభిప్రాయము. “ఎంత దూరము? నాలుగు గంటలే గదా! పోయి చూడుము. నచ్చకున్న తిరిగి వత్తువు” అను మాటలు విని, దుబాయి పోవువానికి పరీక్షలతో నేమి పని యని తొమ్మిదవ తరగతిలోనే బడి మాని, పదునెనిమిదేండ్లు నిండువఱకు మోటారు గారేజీలలోను వెల్డింగు దుకాణములలోను పని నేర్చుకొనుచు కాచుకొనియుండు బాలురను మనమెల్లరము ఎఱుగుదుము. వారి యలసత్వమే దీనికి కారణమని తిట్టుట సులభము. ఆ నాలుగు గంటల లెక్కను విప్పి చూపుట అంతకంటె ముఖ్యమని తలంచి, ఈ వ్యాసమును వ్రాయుచున్నాను.

మొదట లెక్కనే చూతము. పటముల గదిలోని భూగోళమును దీసికొని, దారపు కొన నొకదానిని హైదరాబాదు మీదను, రెండవదానిని దుబాయి మీదను అదిమి బిగించి లాగినచో, ఆ దారము ఇంచుమించు బొంబాయి మీదుగా పోయి, అరేబియా సముద్రమును దాటి, మస్కట్టు సమీపమున ఒమాను తీరమును తాకి దుబాయి చేరును. దాని పొడవు భూమిమీద సుమారు 2,550 కిలోమీటర్లు. బొంబాయి వఱకు 620, అచ్చటినుండి 1,930. గోళముమీద ఆ రెండు స్థలముల నడుమ ఇంతకంటె దగ్గఱి దారి లేదు. విమానము మాత్రము సరిగా ఆ దారమును బట్టియే పోదు. ఆకాశమందును ఏర్పఱచిన మార్గములు గలవు. భూమిమీదనుండి ఆజ్ఞాపించువారు చూపిన దారినే పోవలెను గనుక కొంత యెక్కువే తిరుగును.

జెట్టు విమానము పది పండ్రెండు కిలోమీటర్ల యెత్తున, నిశ్చలమైన గాలిలో గంటకు సుమారు 850 కిలోమీటర్ల చొప్పున పోవును. 2,550ని 850చే భాగించిన మూడు గంటలు వచ్చును. మఱి నాలుగవ గంట యెక్కడిది? విమాన సంఘములు ప్రకటించు కాలము ఆకాశమున నుండు కాలము కాదు. విమానము నిలిచిన చోటు విడిచి కదలినది మొదలు, అవతలి యూర మరల నిలుచువఱకు గల కాలము. పరుగుబాట చేరుటకు, వరుసలో కాచుకొనుటకు, పైకెక్కుటకు, దిగుటకు, దిగిన పిదప ద్వారము చేరుటకు పట్టునదంతయు అందులో చేరును. కొంత యాలస్యమైనను వేళకే వచ్చినట్లు కనబడుటకై కొన్ని నిమిషములను ముందే కలిపి చెప్పుటయు గలదు. ఇది వర్తకుల తెలివి, మనమేమియు ననలేము.

ఇక గాలి సంగతి. పోవునప్పుడు నాలుగు గంటలు, వచ్చునప్పుడు మూడున్నర గంటలు పట్టుటను ప్రయాణము చేసినవారెల్లరు ఎఱుగుదురు. దారి యొక్కటే, కాలము వేఱు. చలికాలమున ఉత్తర హిందూస్థానము మీదను, దాని పడమటి దేశముల మీదను మిక్కిలి యెత్తున పడమటినుండి తూర్పునకు బలమైన గాలిప్రవాహము సాగుచుండును. ఎదురుగాలి గంటకు 80 కిలోమీటర్లైనచో విమానపు వేగము 770కి దిగును. ప్రయాణము మూడు గంటల యిరువది నిమిషములు పట్టును. అదే గాలి వెనుకనుండి త్రోసిన వేగము 930. రెండు గంటల ముప్పావు చాలును. వర్షకాలమున ఇది కొంత మాఱును. అప్పుడు దక్షిణ హిందూస్థానము మీద అంతకంటె ఎత్తున తూర్పునుండి పడమటికి వీచు ప్రవాహ మొకటి గలదు. 1950 తరువాతి దశకమున దీనిని శోధించి లోకమునకు తెలిపినవాడు పంచేటి కోటేశ్వరము అను తెలుగు వాతావరణ శాస్త్రజ్ఞుడు. ఈ పేరు మన విద్యార్థులలో నెందఱికి తెలియునో యని సందేహము.

కాలపట్టిక చూచినవారికి మఱియొక చిక్కు కలుగును. ఉదాహరణమునకు ఇచ్చట ఉదయము 10 గంటలకు బయలుదేరిన విమానము మధ్యాహ్నము 12 గంటల 30 నిమిషములకు దుబాయి చేరినట్లుండును. అచ్చట 10 గంటలకు బయలుదేరినది ఇచ్చటికి 3 గంటలకు వచ్చినట్లుండును. పోవునప్పుడు రెండున్నర గంటలు, వచ్చునప్పుడు అయిదు! మన దేశపు గడియారము కాకినాడకు సమీపముగా పోవు 82½ అంశల తూర్పు రేఖాంశమును బట్టి నడచును. దుబాయి గడియారము 60 అంశల రేఖాంశమును బట్టి నడచును. నడుమనున్న 22½ అంశలను, అంశకు నాలుగు నిమిషముల చొప్పున గుణించిన గంటన్నర. పోవునప్పుడు ఆ గంటన్నర మనకు లాభముగా కనబడును. వచ్చునప్పుడు తిరిగి చెల్లింపవలెను. విమానమునకు నాలుగు గంటలు పట్టు దారిని సూర్యుడు గంటన్నరలో దాటుచున్నాడని బాలురకు చెప్పినచో నవ్వుదురు గాని, మఱువరు.

ఆకాశమును, లోకమును చూచుట మన పేటకు క్రొత్త గాదు. ఫలక్‌నుమా యనగా ఆకాశమును చూపునది. జహనుమా యనగా లోకమును చూపునది. 1901లో నవాబు జఫర్ జంగు సీమనుండి పదునైదంగుళముల దూరదర్శినిని తెప్పించి, మనకు పొరుగుననే గల ఫిసల్‌బండలో నక్షత్రశాల నారంభించెను. తరువాత దానిని నిజాము ప్రభుత్వము స్వీకరింపగా అది బేగంపేట ప్రాంతమునకు తరలిపోయినది. ఇట్టి పేరును, ఇట్టి పొరుగును గల పేటలోని పిల్లవానికి దూరమన నొక్క గంటల లెక్కయే తెలియుట యుక్తము గాదు.

పూర్వ మీ దూరమును జనులెట్లు కొలిచిరో చూడుడు. మనకు దక్షిణమున బార్కాసు గలదు. సిపాయిల నివాసములకు ఇంగ్లీషువారు వాడు మాటయే అట్లు మాఱినది. అచ్చటివారిలో పెక్కుమంది పూర్వులు యెమను దేశపు హద్రమౌతు ప్రాంతమునుండి వచ్చి నిజాము కొలువున సైనికులుగా చేరిన అరబ్బులు. నాడు జీతము కొఱకు సముద్రము దాటినవారు వారు. దాటి వచ్చినది మన యూరికి. ఈ సంగతిని మన బాలురకు తప్పక చెప్పవలెను. తెరచాపల యోడ వేసవి తరువాతి నైరృతి గాలితో ఇటు వచ్చి, చలికాలపు ఈశాన్య గాలితో అటు పోవలెను. నడుమ తనకిష్టమైనప్పుడు తిరుగుటకు వీలులేదు. ఋతువునకు అరబ్బీలో మౌసిం అని పేరు. ఇంగ్లీషువారి మాన్‌సూన్ దానినుండియే పుట్టినది. అనగా నాటి వారు అరేబియా దూరమును గంటలతో గాక ఋతువులతో కొలిచిరి. ఆ కొలతలో మోసము లేదు. ఈ గాలికి పోయినవాడు ఆ గాలి వచ్చువఱకు రాడని తల్లికిని, భార్యకును ముందే తెలిసియుండెను.

ఆవిరి యోడలు వచ్చిన పిదప బ్రిటిషు ఇండియా సంఘపు ఓడలు బొంబాయినుండి కరాచీ మీదుగా గల్ఫు రేవులకు పోవుచుండెను. పైతట్టు ప్రయాణికులు చాపయు, వంటపాత్రలును తామే తీసికొనిపోయెడివారు. ఆ వరుసలో కడపటిదైన ద్వారకా యను ఓడ 1982 వఱకు నడచినది. విమానము లారంభమగుటయు ఆ తీరముననే. 1932లో ఇంపీరియల్ ఎయిర్‌వేసు వారు లండను నుండి కరాచీకి పోవు త్రోవలో షార్జాను మజిలీగా నేర్పఱచుకొనిరి. ఆ యేడే అక్టోబరు 15వ తేదీన జె. ఆర్. డి. టాటా కరాచీ నుండి బొంబాయికి తపాలా విమానమును నడపెను. అచ్చటినుండి ఆ తపాలా బళ్లారి మీదుగా చెన్నపట్టణము చేరినది. షార్జాలో దిగిన నాటి పెద్ద విమానము గంటకు 160 కిలోమీటర్లు పోయినచో గొప్ప. ఆ వేగమున ఇచ్చటినుండి దుబాయికి నడుమ నెచ్చటను నిలువకున్నను పదునాఱు గంటలు పట్టును. రూపాయి మాత్రము మనుష్యులకంటె సులభముగా ప్రయాణము చేసినది. దుబాయిలో 1966 వఱకు మన రూపాయియే చెల్లినది. 1959 నుండి రిజర్వు బ్యాంకు వారు గల్ఫు దేశములకై వేఱుగా నోట్లు అచ్చువేయించిరి.

తరువాతి కథ మన యిండ్లలోని పెద్దలకే తెలియును. నూనె ధర పెరిగిన 1973 తరువాత అచ్చట మేస్త్రీలకును, కూలీలకును గిరాకి కలిగినది. పాతబస్తీనుండియు, కరీంనగరము, నిజామాబాదు ప్రాంతములనుండియు, కడప గోదావరి జిల్లాలనుండియు జనులు బయలుదేరిరి. మొదట చాలమంది బొంబాయికి రైలులో పోయి, అచ్చటి యిఱుకు గదులలో ఏజెంటు పిలుపునకై దినములు, వారములు కాచుకొని పోయిరి. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము తెఱవబడిన పిమ్మట జహనుమానుండి విమానము మెట్లవఱకు ఇరువది కిలోమీటర్లకు మించలేదు. ఇంత సమీపమగుటచేతనే దూరము కనబడకుండ పోయినదని నేననుచున్నాను. చాపయు వంటపాత్రయు చేత బట్టుకొని రేవులో నిలిచినవానికి, తాను దూరదేశము పోవుచున్నానని యొకరు చెప్పనక్కఱలేదు. ఆటోలో పోయి విమాన మెక్కి, సాయంకాలపు నమాజునకో రాత్రి భోజనమునకో అవతల దిగువానికి ఎవరో యొకరు చెప్పవలెను.

జగిత్యాల నుండి బయలుదేరిన రైతుబిడ్డను దలంపుడు. హైదరాబాదు వఱకు బస్సులో నాలుగైదు గంటలు. అచ్చటినుండి శంషాబాదునకు గంటకు పైగా. విమానము కదలుటకు మూడు గంటల ముందే చేరవలెను. దిగిన పిమ్మట అధికారుల వరుసలో నిలుచుట. అటుపిమ్మట కూలీల బసకు మోటారు ప్రయాణము. నాలుగు గంటల ప్రయాణము పదునాలుగు గంటలకు తక్కువ గాదు. ఇది చిన్న లెక్క. దీనికై యెవరును విచారింపనక్కఱలేదు.

పెద్ద లెక్క వేఱొకటి గలదు. నేను ఉదాహరణమునకై అంకెలను కల్పించి చెప్పుచున్నాను. విద్యార్థులు తమ తమ యిండ్లలోని నిజమైన అంకెలు వేసి చూచుకొనవచ్చును. ఒకడు ఏజెంటునకును, ప్రయాణమునకును కలిపి 1,20,000 రూపాయలు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చెను. అచ్చట తిండికి, ఫోనుకు, ఇంటి ఖర్చునకు పోగా నెలకు 10,000 అప్పునకు కట్టగలడు. మొదటి నెల వడ్డీయే 2,400; అసలునకు చేరునది 7,600 మాత్రమే. ఇట్లు నెల నెలకు వేసికొనిపోయినచో అప్పు తీఱుటకు పదునాలుగు మాసములు పట్టును. కూలిపనులకు పోవువారి ఒడంబడిక చాలకాలముగా రెండేండ్లు; పెక్కుమందికి ఇంటికి వచ్చుటకు టిక్కెట్టు దొరకుటయు రెండేండ్లకొకమాఱే. ఇరువదినాలుగు మాసములలో పదునాలుగు అప్పులవానివి. పది మాత్రమే తనవి. కనుక నీ మనుష్యునికి దుబాయి నాలుగు గంటల దూరమున లేదు. పదునాలుగు మాసముల దూరమున నున్నది. మొదటి మాసముననే పని నచ్చలేదని తిరిగి వచ్చుటకు విమానము గలదు, ఆసనము గలదు, గాలియు ననుకూలముగనే వీచును. వానికి మాత్రము రాను వీలులేదు. “నచ్చకున్న తిరిగి వత్తువు” అని చెప్పినవాడు ఈ మాట చెప్పలేదు.

ఇదే లెక్కను వేఱొక యంకెతో వేయుదము. మన ప్రభుత్వపు వలసల నియమముల ప్రకారము అనుమతి పొందిన ఏజెంటు పనివానియొద్ద పుచ్చుకొనదగిన సేవారుసుము 30,000 రూపాయలు; ఈ హద్దు 2017లో ఏర్పఱచినది. నూటికి పదునెనిమిది చొప్పున పన్ను కలిపిన 35,400. ఆ సొమ్మునే అదే వడ్డీకి తెచ్చి, అట్లే నెలకు పదివేలు కట్టినచో నాలుగవ మాసమున తీఱిపోవును. విమానము వేగము పెరుగలేదు, సముద్రము చిన్నది కాలేదు. దుబాయి పది మాసముల దూరము దగ్గఱకు వచ్చినది. దూరమును తగ్గించుట ఇంజనీర్ల పని యని మనము తలంచుచుందుము. ఈ దూరమును ఒక రసీదు తగ్గింపగలదు. అందుచేతనే రసీదు అడిగినవానిని చూచి కొందఱు ఏజెంట్లు ముఖము చిట్లించుదురు.

ఇప్పుడు పదవ తరగతి సంగతి. ఇది మన పాఠశాలకు నేరుగా సంబంధించినది గనుక కొంత వివరించెదను. 1983వ సంవత్సరపు వలసల చట్టమును బట్టి, పదవ తరగతి నెగ్గనివారిలో చాలమంది పాసుపోర్టులమీద వలస యనుమతి కావలెనను గుర్తు ఉండును. అట్టివాడు గల్ఫు దేశములును చేరిన పదునెనిమిది దేశములలో దేనికైనను పనికి పోవలెనన్న, ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అను అధికారియొద్ద అనుమతి పొందవలెను. ఆ కార్యాలయము మన నగరమునను గలదు. పదవ తరగతి నెగ్గినవాని పాసుపోర్టుమీద ఆ గుర్తుండదు, అనుమతి యక్కఱలేదు. ఒక తరగతి పరీక్ష కాగితము ఒక దేశపు సరిహద్దునే మార్చుచున్నదన్నమాట. దుబాయి పోవువానికి పరీక్షలతో నేమి పని యనువారికి ఇంతకంటె మంచి సమాధానము నాకు తోచదు.

అయితే ఇందొక మెలిక గలదు. దీనిని దాచుట న్యాయము గాదు. ఆ యనుమతి అడ్డుగోడయే కాదు, కొంత కాపుదలయు నగును. అనుమతికై పోవువాని ఒడంబడికను అధికారులు చూతురు. అతడు ప్రవాసీ భారతీయ బీమా యోజన క్రింద పది లక్షల రూపాయల బీమా చేయింపవలెను. రెండేండ్లకు దాని రుసుము 275 రూపాయలే. పదవ తరగతి నెగ్గినవానిని ఎవరును ఆపరు, ఎవరును అడుగరు. తన కాపుదల తానే చూచుకొనవలెను. కనుక పరీక్ష నెగ్గుట మాత్రము చాలదు. నెగ్గినవాడు చదువవలసినది మఱియొక పత్రము గలదు, అది ఒడంబడిక. ఆ పత్రమునకు బదులు సందర్శకుల వీసా చేతబెట్టి, “అచ్చట దిగిన పిమ్మట పనివీసాగా మార్పింతుము” అనువాని మాట నమ్మి పోయినవాడు ఆ వీసామీద పనిలో చేరిన దినముననే చట్టమునకు వెలియగును.

ఒడంబడిక యే భాషలో నుండును? 2016 జనవరి నుండి ఆ దేశపు కార్మికశాఖవారు, పని యిత్తుమని వ్రాసి యిచ్చు పత్రము అరబ్బీ, ఇంగ్లీషులతో పాటు పనివాని కర్థమగు మూడవ భాషలోను ఉండవలెనని నియమించిరి. మంచి నియమము. నాడు వారు ఎన్నుకొన్న భాషలలో హిందీ, ఉర్దూ, తమిళము, మలయాళము, బెంగాలీ, నేపాలీ, సింహళము చేరినవి. తెలుగు చేరలేదు. కరీంనగరము నుండియు, కడప నుండియు ఇన్ని దశాబ్దములుగా పోవుచున్న జనుల భాషకు ఆ పట్టికలో చోటు లేకపోవుట మన ప్రభుత్వములకు అవమానము గాదా? రెండు తెలుగు రాష్ట్రములవారును కలిసి దీనిని అడుగవలసియుండెను. జహనుమావారికి మాత్రము ఒక యనుకూలము గలదు. మన తరగతులలో ఉర్దూ చదువువారును, తెలుగు చదువువారును ఒకే బల్లమీద కూర్చుందురు. ఉర్దూ పత్రమును చదివి తెలుగువానికి చెప్పగల బాలుడు ఈ పేటలో ప్రతి వీథిలోను దొరకును. జిల్లాలలోని పల్లెటూళ్లవారికి ఆ భాగ్యము లేదు.

ఈ మాటలు విని కొందఱు, “మఱి అందఱును ఇచ్చటనే యుండి పస్తుండుమందువా?” అని యడుగవచ్చును. నేనట్లనను. మన వీథులలో మిద్దెలుగా లేచిన యిండ్లలో అనేకములు ఆ దేశపు ఎండలో సంపాదించిన సొమ్ముతో కట్టినవే. చెల్లెండ్ర వివాహములును, తమ్ముల చదువులును ఆ సొమ్ముతోనే జరిగినవి. వేసవిలో అచ్చటి యెండ యెట్టిదనగా, జూను 15 మొదలు సెప్టెంబరు 15 వఱకు మధ్యాహ్నము పండ్రెండున్నర నుండి మూడు గంటల వఱకు ఆరుబయట పని చేయింపరాదని వారి చట్టమే శాసించుచున్నది. ఆ యెండను సహించి కుటుంబమును నిలిపినవారిని తక్కువచేసి మాటలాడుటకు నాకు నోరు రాదు. విమానము చేసిన మేలును కాదనను. పూర్వము తండ్రి మరణవార్త నెలకు గాని చేరని చోటునుండి, నేడు యజమాని సెలవిచ్చినచో మఱునాటికి కుమారుడు వచ్చి కడచూపు చూడగలడు.

యజమాని సెలవిచ్చినచో! దూరమంతయు ఆ మూడు మాటలలో నున్నది. పనివాని పాసుపోర్టును యజమాని తనయొద్ద నుంచుకొనుట ఆ దేశపు చట్టమునకే విరుద్ధము, అయినను జరుగుచుండును. పాసుపోర్టు ఇనుపపెట్టెలో నున్నవానికి నాలుగు గంటల విమానము నలుబది దినముల ఓడకంటె దూరమైనది.

ఇంకొక సంగతి వ్రాయుటకు చేయి యాడదు గాని, విడుచుట తగదు. అచ్చట మరణించినవానిని ఇంటికి చేర్చుటయు విమానముననే. విమానమునకు పట్టునది అవే గంటలు. కాని మరణపత్రము, పోలీసువారి యనుమతి, పాసుపోర్టు రద్దు, మన రాయబార కార్యాలయపు అంగీకారపత్రము, శవమునకు చేయవలసిన రసాయన సంస్కారము—ఇవన్నియు ముగియుటకు దినములు పట్టును. యజమాని శ్రద్ధ చూపనిచో వారములు పట్టును. బ్రతికియున్నవానికి ఇచ్చిన వేగమును చనిపోయినవానికి ఎవరును ఇయ్యరు. తెలంగాణ ప్రభుత్వము గల్ఫులో మరణించినవారి కుటుంబములకు అయిదు లక్షల రూపాయల సహాయమును 2024లో ఏర్పఱచినది. దానిని పొందుటకును కాగితములే కావలెను. ఆ కాగితములు భద్రముగా నుంచుట తెలిసినవారు ఆ యింట నొకరైన నుండవలెను. ఇచ్చటను బడిచదువు పనికి వచ్చును.

భూగోళ శాస్త్రమును బోధించువారికి నాదొక విన్నపము. పరీక్షలో రెండు నగరముల నడుమ దూరమడిగి కిలోమీటర్లు వ్రాసినవానికి పూర్తి మార్కు లిచ్చుట మన వాడుక. సంవత్సరమున కొక్కమాఱైనను, బాలుర నడిగి ఈ రెండవ లెక్కను గూడ వేయింపుడు. తమ యింటనుండియో పొరుగింటనుండియో పోయినవారికి ఎంత ఖర్చైనది, ఎంత వడ్డీ, ఎన్ని మాసములకు తీఱినది, ఎన్నియేండ్లకు మొదటిమాఱు వచ్చిరి అని అడిగి వ్రాసికొని రమ్మనుడు. పేర్లు వ్రాయనక్కఱలేదు, కొందఱు తండ్రులు చెప్పుటకు సిగ్గుపడుదురు, వారిని బలవంతపెట్టరాదు. నలుబదిమంది బాలురు తెచ్చిన అంకెలు నల్లబల్లమీద చేరినచో, అట్టి పటము ఏ అట్లాసులోను దొరకదు.

అట్లే పాఠశాల వాకిట, పరీక్షల ఫలితములు అంటించు పలకకు ప్రక్కన, మఱియొక పలక పెట్టింపవలెనని పెద్దలను కోరుచున్నాను. మొదటి పంక్తిలో 2,550 కిలోమీటర్లనియు, నాలుగు గంటలనియు వ్రాయుడు. అవి నిజములే గనుక దాచనక్కఱలేదు. దాని క్రింద, ఏజెంటు అనుమతి సంఖ్యను ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ పట్టికలో సరిచూచుకొనుమనియు, రుసుము 30,000 రూపాయలును పన్నును మించరాదనియు, రసీదు లేక సొమ్మియ్యరాదనియు, సందర్శకుల వీసామీద పనికి పోరాదనియు, పాసుపోర్టుయొక్కయు ఒడంబడికయొక్కయు ప్రతులు ఇంటియొద్ద నుంచి పోవలెననియు వ్రాయుడు. తెలుగునను, ఉర్దూనను వ్రాయుడు. అక్షరములు పెద్దవిగా నుండవలెను. బడి మానిన బాలురును సాయంకాలము ఈ వాకిటిముందు నుండియే యింటికి పోవుచుందురు.